నింపాదమ్మా, రెండు వందల వేగమూ

మా మరదలికి ఉన్నది ఒక్కటే గుణం. మిగతా గుణాలన్నీ దాని వెనకాల వస్తుంటాయి, అవి కూడా మెల్లగా. ఆ గుణం పేరు నెమ్మది. అలాంటిలాంటి నెమ్మది కాదు. ఆవిడకి తుమ్ము వస్తోందంటే పక్కింటివాళ్ళు తీరిగ్గా కిటికీలు మూసుకోవచ్చు. నింపాదమ్మ అని ఆవిడకి పేరు పెట్టింది నేనే. పెట్టిన నాటికి నా జుట్టు నల్లగా ఉండేది. ఆ మాటకి కోపం తెచ్చుకుందామని ఆవిడ అప్పుడు మొదలుపెట్టింది, ఇంకా తెచ్చుకుంటూనే ఉంది.

ఈ నెమ్మదితో ఆవిడ ఒక తగాదా గెలవడం నేను కళ్ళారా చూశాను. మా తమ్ముడికి ఇంటి వెనకాలే మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉండేది. పక్కన ఒక వడ్రంగి. అతని రంపం కన్నా అతని గొంతు పదును. ఒకరోజు చెక్కలన్నీ తెచ్చి షెడ్డు తలుపుకి అడ్డంగా పేర్చాడు. మా తమ్ముడు ఇంట్లో లేడు. నేనైతే రెండు మాటల్లో తేల్చేసేదాన్ని. కానీ నేను వెళ్ళేసరికే మా మరదలు గుమ్మంలో ఉంది. నాకన్నా ముందెలా వచ్చిందంటే, వాకిలి ఊడుద్దామని పొద్దున్నే బయల్దేరి అప్పటికి గుమ్మం దాకా వచ్చింది.

"వీధి నీ మొగుడిదా? వీధి అందరిదీ. నా చెక్కలు నా ఇష్టం. ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఒకళ్ళు చెప్పక్కర్లేదు," అని వడ్రంగి మొదలుపెట్టాడు. పెట్టినవాడు చాలాసేపు ఆపలేదు.

ఆవిడ మొత్తం విన్నది. విని, "ఒక్క నిమిషం అన్నయ్యగారూ. పొయ్యి మీద పాలున్నాయి, దించి వస్తాను. మీరు చెప్పింది మర్చిపోకండి," అని లోపలికి వెళ్ళింది.

పాలు కాగాయి, పొంగాయి, దిగాయి, చల్లారాయి. అప్పుడు వచ్చింది.

"ఆఁ, ఇప్పుడు చెప్పండి. మొదట్నుంచీ చెప్పండి, మధ్యలో కొంత నాకు అందలేదు."

అతను మళ్ళీ చెప్పాడు. ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

"వీధి అందరిదీ అన్నారు. తర్వాతేమన్నారు?"

"నా చెక్కలు నా ఇష్టం అన్నాను."

"వీధి అందరిదీ. చెక్కలు మీవి. మరి తలుపు?"

"తలుపు... మీది."

"ఆఁ. ఇప్పుడు మూడూ కలిపి ఇంకోసారి చెప్పండి."

అతను మొదలుపెట్టాడు. సగంలో ఆగాడు. తను చెప్పేది తనే వింటున్నట్టు తల పక్కకి వంచాడు. తర్వాత వంగి చెక్కలు తీయడం మొదలుపెట్టాడు.

"నెమ్మదిగా తీయండి, తొందరేం లేదు. టీ పెడుతున్నాను," అంది మా మరదలు. ఆ టీ వచ్చేలోపు అతను చెక్కలన్నీ తీసేసి, ఇంటికెళ్ళి అన్నం తిని, టీ కోసం మళ్ళీ వచ్చాడు.

ఇలాంటి మనిషి మా తమ్ముడికి పెళ్ళాం కావడమే వింత. వాడు మంత్రసాని వచ్చేదాకా కూడా ఆగకుండా పుట్టినవాడు. అన్నం నిలబడి తినేవాడు, చొక్కా గుండీలు రోడ్డు మీద పెట్టుకునేవాడు. ఊరంతా వాణ్ణి సుడిగాలి అనేది. పెళ్ళిరోజున సుడిగాలి కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపుతుంటే, పెళ్ళికూతురు గదిలోంచి బయటికి వచ్చేలోపు ఫొటోలు తీసే మనిషి ఒక నిద్ర తీశాడు. ఆ ఫొటోల్లో మా తమ్ముడు ఎక్కడా నిలకడగా లేడు. మా మరదలు మాత్రం అచ్చు గోడలా స్పష్టంగా ఉంటుంది.

కానీ మా తమ్ముడి చెయ్యి మంచిది. ఆ మాట నేను చెప్పడం కాదు, బండ్లు ఇచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు. "మీ తమ్ముడు బిగించిన నట్టు ఊడదమ్మా. గతుకుల్లో తిప్పాను, గుట్టలెక్కించాను, ఒక్కటి కదల్లేదు," అని పాలు పోసే మనిషి అన్నాడొకసారి. అలాంటి మాట విని కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు. వీధి చివరిదాకా చెప్పి, వీధి మలుపు తిరిగి అవతలి వీధిలో కూడా చెప్పాను. ఎవరైనా మరో మెకానిక్ పేరెత్తితే, "అతను బిగిస్తే ఊడుతుందా, ఊడదా? అది చెప్పు ముందు," అనేదాన్ని.

ఇక ఆ ఇంట్లోంచి అందరం కలిసి ఎక్కడికైనా వెళ్ళాలంటే నా ప్రాణం పోయేది. నేనూ, మా తమ్ముడూ, పిల్లలూ తయారై ముందుగదిలో కూర్చునేవాళ్ళం. మా తమ్ముడి పాత వ్యాన్ షెడ్డులో ఉండేది. మా మరదలు ఎక్కడో ఇంటి వెనకాల ఉండేది.

"ఏమోయ్, అయిందా?" అని మా తమ్ముడు అరిచేవాడు.

"వచ్చేస్తున్నా," అని వెనకాల్నుంచి వినిపించేది.

ఆ 'వచ్చేస్తున్నా' నా జీవితంలో ఎన్నిసార్లు విన్నానో. ఆ మాటకి ఆ ఇంట్లో అర్థం ఒకటే: ఇంకో కునుకు తీయవచ్చు.

"వాళ్ళమ్మని అడగాలక్కా, ఈవిడ పుట్టడానికి ఎన్ని నెలలు తీసుకుందో," అనేవాడు మా తమ్ముడు.

"అడిగి ఏం లాభం రా. ఆవిడా చెప్పడానికి ఓ పూట తీసుకుంటుంది," అనేదాన్ని నేను.

చివరికి తల దువ్వుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చేది. ఇంతసేపూ ఏం చేశావే అంటే, "ఏముంది వదినా, చిన్నచిన్న పనులు," అనేది. అంతసేపు తయారైన మనిషి ముఖాన ఏమైనా సింగారం ఉందా అంటే, లేదు. ఇంకో విచిత్రం చెబుతాను. ఎప్పుడు బజారుకెళ్ళినా ఎర్రటి గోళ్ళరంగు సీసా ఒకటి కొనేది. ఆవిడ గోళ్ళు చూస్తే బోసిగా, అంచుల్లో నల్లగా. సీసా అయిపోయేది, ఇంకోటి కొనేది.

"ఏమే, గోళ్ళరంగు తాగుతున్నావా?" అని అడిగాను ఒకరోజు.

"లేదు వదినా," అంది. ఆ రెండు మాటలకే పక్క కొట్టు దాకా నడిచాం.

షెడ్డుకి వచ్చినవాళ్ళకి కూడా ఇదే శిక్ష. బండి బాగయింది, తీసుకుపోతాను అంటే ఆవిడ పోనివ్వదు. "టీ తాగి వెళ్ళండి," అని ముందుగదిలో కూర్చోబెట్టేది. టీ మాత్రం రాదు. "ఆకు కోయడానికి తోటకెళ్ళిందేమో," అని పాలు పోసే మనిషి ఒకసారి లేచి వెళ్ళబోయాడు. మా తమ్ముడు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "నువ్వు టీ కోసం ఆగలేకపోతే ఎలాగయ్యా. నేను కాపురం చేస్తున్నాను," అన్నాడు.

ఇదిలా ఉండగా మా తమ్ముడికి ఒక పిచ్చి పట్టింది. ఏడాదికోసారి, ఇక్కడికి చాలా దూరాన, ఎండి గట్టిపడిన ఉప్పు మైదానంలో బండ్ల వేగం కొలుస్తారట. పక్కపక్కన పోటీ కాదు. ఒక్కొక్క బండీ ఒంటరిగా, తిన్నగా, ఉన్న శక్తంతా పెట్టి పోవడమే. గడియారం చెబుతుంది ఎంత వేగమో. ఆ వేగమూ, బండి తయారుచేసినవాడి పేరూ ఒక పెద్ద బోర్డు మీద రాస్తారు. మా తమ్ముడు ఎవరో వదిలేసిన పాత ఇంజను తెచ్చి, దాని చుట్టూ పొడుగాటి బండి ఒకటి కట్టడం మొదలుపెట్టాడు. నేలకి జానెడు ఎత్తు. దాని మీద కూర్చోవడం కుదరదు, బోర్లా పడుకోవాలి.

"పడుకునే బండి అయితే నాకూ నచ్చింది," అంది మా మరదలు.

"గంటకి రెండు వందల కిలోమీటర్లు దాటిస్తానక్కా," అన్నాడు మా తమ్ముడు. టీకొట్టు దగ్గర కూడా అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పాత ఇంజనుకి రెండు వందలేమిటి, తిన్నగా ఇంటికొస్తే చాలన్నారు. నవ్వినవాళ్ళలో ఎవరెవరున్నారో నాకు గుర్తుంది.

దాటించకముందే మా తమ్ముడు పోయాడు. బండి మీద కాదు. ఒక మధ్యాహ్నం షెడ్డులో సగం టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. గుండె. అది కూడా తొందరపడింది. మేమందరం ఏడ్చాం. మా మరదలు ఏడ్వలేదు. మా ఏడుపులన్నీ అయిపోయి, ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాక, ఎన్నాళ్ళకో ఒకరోజు షెడ్డు ఊడుస్తూ ఏడ్చింది. అదీ ఆవిడ నెమ్మది.

వాడికి ఇద్దరు పిల్లలు. నా మేనకోడలు అంబులెన్సు నడుపుతుంది. అచ్చం తండ్రి పోలిక, కాలు నేల మీద నిలవదు. నా మేనల్లుడు గడియారాలు బాగుచేస్తాడు. వాడికి ప్రతిదానికీ టైము కావాలి. నాన్న బండిని మనం తీసుకెళ్ళి నడపాలి, ఆ బోర్డు మీద నాన్న పేరు ఎక్కించాలి అని ఇద్దరూ ఒక్కటయ్యారు. మేనకోడలు నడిపేటట్టు, మేనల్లుడు టైము చూసేటట్టు. వాళ్ళమ్మని అడిగారు.

"చూద్దాం," అంది.

ఆ 'చూద్దాం' ఒక వానాకాలం నడిచింది. ఇంతలో ఆవిడ రోజూ సాయంత్రం ఓ గుడ్డ పట్టుకుని షెడ్డులోకి వెళ్ళి బండి తుడిచేది. "అది బండా, వెండి కంచమా? అంత తుడవడానికేముంది?" అన్నాను. "దుమ్ము పడుతుంది వదినా," అంది. దుమ్ము పడే వేగానికీ, ఆవిడ తుడిచే వేగానికీ తేడా ఉంటే కదా. చివరికి ఒకరోజు పొద్దున్న అన్నం పెడుతూ, "సరే, వెళ్దాం," అంది. ఎక్కడికని పిల్లలు అడిగారు. అడిగిన సంగతి వాళ్ళే మర్చిపోయారు.

బయల్దేరిన రోజు సంగతి చెప్పి ఎవరి ఓపికా పరీక్షించను. బండిని వ్యాన్‌లో ఎక్కించాం, మేమూ ఎక్కాం, హారన్ కొట్టాం. "వచ్చేస్తున్నా." అంతే. దాని ఫలితం ఏమిటంటే, మూడు రోజుల ఆ సంబరానికి మేము చివరి రోజు చేరాం. వరసలో చివర నిలబడ్డాం. మా వెనకాల ఇక ఉప్పే.

ఆ ఉప్పు మైదానం చూస్తే నాకు కడుపు మండింది. మా ఇంట్లో ఉప్పు నిండుకుంటే ఈవిడ తేవడానికి పూటంతా పట్టేది. ఇక్కడేమో కనుచూపు మేర తెల్లగా, ఎత్తుకుపోయే దిక్కు లేకుండా పడి ఉంది.

బండ్లు పరీక్షించే మనిషి ఒకాయన వచ్చాడు. చాప వేసుకుని మా బండి కింద పడుకున్నాడు. లోపల్నుంచే అడిగాడు:

"ప్రతి నట్టు మీదా ఎర్రగీత ఉంది. నట్టు మీదా, పక్కన ఇనుము మీదా కలిపి గీశారు. నట్టు కదిలితే గీత విరుగుతుంది, వెంటనే తెలిసిపోతుంది. మంచి అలవాటు. ఎవరు పెట్టారమ్మా ఈ గీతలు?"

"ఇంకెవరు, మా తమ్ముడు," అన్నాను నేను. "వాడు బిగించిన నట్టు ఊడదు. ఎవర్నైనా అడగండి."

ఎవర్నైనా అంటే అక్కడ ఉన్నది మా మరదలే. ఆవిడ నీళ్ళసీసా మూత తిప్పుతోంది. "ఆఁ," అంది.

ఆయన లేచి ఉప్పు దులుపుకుని నియమం చెప్పాడు. ఒక్కసారి పోతే లెక్కలోకి రాదట. ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళాలి, గంటలోపు ఆ కొస నుంచి ఈ కొసకి తిరిగి రావాలి. రెండు వేగాల సగటే బోర్డు మీద రాస్తారు. గంట దాటితే మొదటిది కూడా పోయినట్టే. రేపటి నుంచి మైదానం మూసేస్తారు.

"గంట సరిపోతుందా?" అన్నాడు మేనల్లుడు, వాళ్ళమ్మ వైపు చూసి.

"నేను నడపడం లేదు కదా నాన్నా," అంది ఆవిడ.

నా మేనకోడలు హెల్మెట్ పెట్టుకుని ఆ పొడుగు బండి మీద బోర్లా పడుకుంది. ఆ ఇంజను మోగింది. అది మా తమ్ముడి షెడ్డులో వినిపించిన చప్పుడే. అమ్మాయి వెళ్ళిపోయింది. వెళ్ళడం అంటే ఏముంది, ఉన్నది లేకుండా పోయింది. తెల్లటి పొగలాంటి ఉప్పు ధూళి మాత్రం గీతలా మిగిలింది. కాసేపటికి మైకులో చెప్పారు. రెండు వందల అయిదు.

మేనల్లుడు గంతేశాడు. నేను టీకొట్టు దగ్గర నవ్విన మొహాలన్నీ ఒకటొకటిగా తలుచుకున్నాను. మా మరదలు సీసా మూత పెట్టడం అప్పుడే పూర్తి చేసింది.

వ్యాన్ వేసుకుని ఆ కొసకి చేరాం. ఆ వేగానికి బండి గొలుసు సాగి వేలాడుతోంది. మేనకోడలు గబగబా వెనక చక్రం నట్టు వదులుచేసి, చక్రాన్ని కొంచెం వెనక్కి జరిపి, గొలుసు బిగువు చూసి, నట్టు మళ్ళీ బిగించింది. పెట్రోలు పోసింది. "అయిపోయింది," అని చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంది. ఆ గొంతు, ఆ తుడుచుకోవడం, అంతా మా తమ్ముడే.

"టైము చాలా పోయింది. గాలి కూడా లేస్తోంది. ఎక్కు, ఎక్కు," అన్నాడు మేనల్లుడు. ఇద్దరూ బండికి చెరోవైపు నిలబడ్డారు.

అప్పుడు వినిపించింది.

"ఒక్క నిమిషం."

"అమ్మా, ఇప్పుడు కాదు," అంది కూతురు.

"అమ్మా, నీ ఒక్క నిమిషం నాకు తెలుసు. నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి," అన్నాడు కొడుకు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళ మంటా ఒక్కసారే లేచింది. "ఏమే, నీకు మనసనేది ఉందా? బతికినన్నాళ్ళూ వాణ్ణి ముందుగదిలో కూర్చోబెట్టావు. ఇప్పుడు వాడి పేరు బోర్డెక్కే వేళకి కూడా అడ్డం పడతావా? ఏం పనే నీకు ఈ ఉప్పులో? పొయ్యి మీద పాలున్నాయా?"

ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని వ్యాన్ వెనక్కి తీసుకెళ్ళింది. నడక మాత్రం కొంచెం గబగబా నడిచింది. అది చూసే నాకు భయం వేసింది.

"వదినా, కోప్పడకండి. వెనక చక్రం నట్టు చివరి చుట్టు తిరగలేదు."

"ఎందుకు తిరగలేదు? నా కళ్ళముందే బిగించింది."

"బిగించింది. చివరి చుట్టు తిప్పలేదు. దానికీ వాళ్ళ నాన్న చెయ్యే వచ్చింది."

"మా తమ్ముడి చేతికేమే? వాడు బిగించిన నట్టు..."

"ఊడదు," అంది. "నేను ఊడనివ్వలేదు."

చేతిసంచి తెరిచింది. లోపల గుడ్డలో చుట్టిన చిన్న పానా, దాని పక్కన ఎర్రటి గోళ్ళరంగు సీసా. పానా పిడి అరిగి నున్నగా మెరుస్తోంది. ఒక్క రోజులో అరిగే అరుగుదల కాదది.

"చివరి చుట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన మనసు తర్వాతి పని మీదకి పోయేది వదినా. మనసు పోయాక చెయ్యి ఒక్కటీ ఏం చేస్తుంది? అందుకని నేను వెనకాలే వెళ్ళి తిప్పేదాన్ని. తిప్పినది గుర్తుండాలి కదా, అందుకు రంగు."

"అయితే మేమంతా ముందుగదిలో చచ్చేటట్టు కూర్చున్నప్పుడల్లా..."

"షెడ్డులో ఉండేదాన్ని. పిల్లల్ని కూడా ఎక్కించుకుని వెళ్ళే బండి కదా."

"వచ్చినవాళ్ళందరికీ టీ..."

"టీ నీళ్ళు వాటంతటవే మరుగుతాయి. ఆ లోపు వాళ్ళ బండి చూసేదాన్ని."

"వాడికి తెలుసా?"

"తెలిస్తే చెయ్యి జంకేది. చెయ్యి జంకిన మెకానిక్ ఏం బతుకుతాడు?"

"నాకైనా ఒక్క మాట చెప్పొచ్చు కదే."

"మీరు ఆ మాట వీధంతా ఎంత సంతోషంగా చెప్పుకునేవారో. అబద్ధం కూడా కాదు కదా వదినా. ఒక్కటీ ఊడలేదు."

దీనికి నేను చెప్పాల్సింది చాలా ఉంది. టైము లేదు.

"సరే, వెళ్ళి పిల్లకి చెప్పు. మళ్ళీ బిగించుకుంటుంది."

"ఇప్పుడా? ఇప్పుడు అనుమానం పెట్టి పంపిస్తే, ఆ వేగంలో దారి చూడదు, చక్రం గురించి ఆలోచిస్తుంది. అనుమానం నా దగ్గరే ఉండనివ్వండి. దాన్ని నిశ్చింతగా పోనివ్వండి."

"మరేం చేద్దామని?"

"వాళ్ళిద్దరినీ బండి దగ్గర్నుంచి కాసేపు ఇవతలికి లాగండి. ఇక్కడ ముందుగది లేదు కదా."

"ఎలా లాగనే?"

"కాలు బెణికిందని కూలబడండి."

"నా కాలు ఈ జన్మలో బెణకలేదు."

"అందుకే నమ్ముతారు," అంది నింపాదమ్మ.

నేను జీవితంలో ఎవర్నీ ఆపినదాన్ని కాదు. బస్సు కూడా నాకోసం ఆగే పని లేకుండా ముందే వెళ్ళి నిలబడే మనిషిని. అలాంటి నేను వ్యాన్ ఇవతలి పక్కకి వచ్చి, బండికి దూరంగా, ఆ ఉప్పులో కూలబడి, "అమ్మో, కాలు," అన్నాను. నా చెవికే నమ్మకంగా లేదు. ఇంకోసారి గట్టిగా అన్నాను.

ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. అంబులెన్సు నడిపే మనిషి ముందు దొంగ బెణుకు నడపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"ఏ కాలు అత్తా?"

"ఎడమది."

"మరి కుడిది పట్టుకున్నావేం?"

"ఎడమది పట్టుకుంటే నొప్పి."

మేనకోడలు నా ఎడమకాలు ఒళ్ళో పెట్టుకుంది. "ఇక్కడ నొప్పా?"

"అక్కడే."

"ఇక్కడ?"

"అక్కడింకా ఎక్కువ."

"అత్తా, నేను నొక్కింది చెప్పుని."

"ఆ చెప్పు వల్లే వచ్చింది ఇదంతా," అన్నాను. మేనల్లుడు గడియారం చూస్తూ, "అత్తా, టైము పోతోంది. తిరిగొచ్చాక నొప్పి పెట్టించుకోకూడదా?" అన్నాడు. వాడికి వాళ్ళమ్మ నెమ్మదీ రాలేదు, మా తమ్ముడి మంచితనమూ రాలేదు. వాణ్ణి నీళ్ళు తెమ్మన్నాను. తెస్తే, చల్లటివి కావాలన్నాను. పిల్లల భుజాల మీదుగా చూస్తే, బండి వెనకాల మా మరదలు మోకాళ్ళ మీద ఉంది. ఒక భుజం మెల్లగా కిందికి దిగింది. చివరి చుట్టు. తర్వాత ఊపిరి బిగబట్టి, సీసాలోని కుంచెతో గీత పెట్టింది. పెట్టి ఊదింది. రంగు ఆరేదాకా ఊదుతూ కూర్చుంది. నేనిక్కడ కాలు పట్టుకుని చస్తుంటే ఆవిడకి రంగు ఆరాలి.

"వచ్చేస్తున్నా," అని వినిపించింది.

ఆ మాటకి నా ప్రాణం లేచి రావడం అదే మొదటిసారి. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అయ్యో, వదినకేమైంది?" అంది. ముఖం చూస్తే ఏమీ ఎరగని పసిపిల్ల.

నేను లేచి నిలబడ్డాను.

"తగ్గిందా?" అంది మేనకోడలు, నా వైపు వింతగా చూస్తూ.

"మీ అమ్మ మొహం చూడగానే తగ్గింది. పో, పోయి ఎక్కు."

గంట దాటడానికి ఇంకా కాస్త ఉందనగా బండి కదిలింది. ఎదురుగాలి. చప్పుడు దూరమయ్యేదాకా మా మరదలు నా చెయ్యి వదల్లేదు. ఆ పట్టు చూస్తే, ఈవిడ బిగించింది ఎందుకు ఊడదో తెలిసింది.

మైకులో ఆలస్యంగా చెప్పారు. ఎదురుగాలి వల్ల వచ్చేటప్పుడు రెండు వందలకి ఒక్కటి తక్కువ. మేనల్లుడు మొహం వేలాడేశాడు. తర్వాత వేళ్ళ మీద లెక్క వేసుకుని, మొహం మళ్ళీ తగిలించుకున్నాడు. రెండూ కలిపి సగటు రెండు వందల రెండు.

మేము తిరిగి మొదటి కొసకి వెళ్ళేసరికి ఒకతను బోర్డు మీద అంకె రాస్తున్నాడు. "తయారుచేసింది ఎవరు?" అని అడిగాడు.

"మా నాన్న," అంది మేనకోడలు. "ఆయన బిగించిన నట్టు ఊడదు. ఇప్పటికీ ఒక్కటి కదల్లేదు, చూసుకోండి."

నేను నోరు తెరిచాను. మా మరదలు నా వైపు చూసింది. మూసుకున్నాను. నేను నోరు తెరిచాక ఊరికే మూసుకోవడం నాకు తెలిసి అదొక్కసారే. అతను మా తమ్ముడి పేరు అడిగి తెల్లటి అక్షరాలతో రాశాడు. అక్షరాలు కొంచెం పక్కకి వాలాయి. ఫరవాలేదు, వాడెప్పుడు నిటారుగా నిలబడ్డాడు గనక.

బండిని వ్యాన్‌లో ఎక్కించాం. అందరం ఎక్కాం. ఒక్కరు తప్ప.

మేనకోడలు హారన్ కొట్టింది. "అమ్మా, అయిందా?"

"వచ్చేస్తున్నా."

నేను కిటికీలోంచి తొంగి చూశాను. వ్యాన్ వెనక చక్రం దగ్గర కూర్చుని ఉంది. దారిలో ఆ చక్రం మార్చింది మేనకోడలే. చూసి కూడా నేనేమీ అనలేదని ఎవరూ అనుకోవద్దు. "తెల్లారుతుందా ఇవాళ?" అని గట్టిగానే అన్నాను. అనకపోతే పిల్లలకి అనుమానం వస్తుంది.

చాలాసేపటికి ఎక్కి నా పక్కన కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. జుట్టు సర్దుకుంది. వ్యాన్ ఉప్పు దాటి రోడ్డెక్కాక, పిల్లలిద్దరూ ముందు సీట్లో అంకెల గురించి వాదించుకుంటుంటే, నా చెవి దగ్గరికి వంగింది. వంగడం కూడా మెల్లగానే.

"వదినా, వచ్చే ఏడాది కుడికాలు బెణికించుకోండి. ఎడమది వాడేశాం."